ఒడ్డు చేరిన రెక్కతునుక

హిందూమహాసముద్రమున, మడగాస్కరు ద్వీపమునకు తూర్పుగా, రీయూనియన్ అను చిన్న ద్వీపమొకటి కలదు. అది ఫ్రాన్సుదేశపు ఏలుబడిలోనిది. 2015వ సంవత్సరము జూలై 29వ తేదీన ఆ ద్వీపమున సెంట్ ఆంద్రే అను ఊరి సముద్రతీరమును శుభ్రము చేయుచున్న పనివారికి ఒక వింత వస్తువు కనబడెను. అది పొడవున ఇంచుమించు రెండు మీటర్లుండెను. దాని అంచు ఒకవైపున చిరిగి, పండ్లు ఊడిన రంపమువలె నుండెను. ఒడలెల్ల గుల్లజీవులు పట్టుకొని వ్రేలాడుచుండెను. అలలు తెచ్చి పడవేసిన చెత్తయని దానిని కుప్పలో వేయక, విమానపు రెక్కలోని భాగమేమోయని వారు అనుమానించిరి. వెంటనే అధికారులకు కబురు పోయెను. రెండు దినములలో ఆ తునుక బొమ్మ ప్రపంచములోని పత్రికలన్నింటను అచ్చుపడెను.

ఒక రెక్కతునుకకు ఇంత ప్రసిద్ధి కలుగుటకు కారణము తెలియవలెనన్న మనము పదునారు మాసములు వెనుకకు పోవలెను.

2014వ సంవత్సరము మార్చి 8వ తేదీన, అర్ధరాత్రి దాటిన ముప్పాతిక గంటకు, మలేషియా రాజధానియగు కౌలాలంపూరునుండి చైనా రాజధానియగు బీజింగునకు ఒక విమానము బయలుదేరెను. అది మలేషియా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 777 విమానము. దాని ప్రయాణసంఖ్య ఎం.హెచ్. 370. అందు 227 మంది ప్రయాణికులును 12 మంది సిబ్బందియు, వెరసి 239 మంది యుండిరి. ప్రయాణికులలో ఎక్కువమంది చైనీయులు. భారతీయులు ఐదుగురు. ఒంటిగంట 19 నిమిషములకు విమానమునుండి కడపటి మాట వినవచ్చెను. మరి రెండు నిమిషములకు రాడారు తెరపై దాని గుర్తు మాయమయ్యెను. ఆపద సంభవించినదన్న కేకగాని, తుపానుగాని, నిప్పుగాని లేదు.

తరువాత సైనిక రాడారుల లెక్కలను పరిశీలింపగా, విమానము మార్గము విడిచి వెనుకకు మరలి, మలయా ద్వీపకల్పమును అడ్డముగా దాటి, మలక్కా జలసంధిమీదుగా వాయవ్యమునకు పోయినట్లు తెలిసెను. 2 గంటల 22 నిమిషముల తరువాత ఆ రాడారులకును అది అందలేదు. కాని హిందూమహాసముద్రముపైని ఆకాశమున నున్న ఒక ఉపగ్రహముతో విమానములోని యంత్రమొకటి, ఇంచుమించు గంటకొకసారిగా, ఉదయము 8 గంటల 19 నిమిషములవరకు సంకేతములు మార్చుకొనుచునే యుండెను. ఆ సంకేతములు విమానము ఎచ్చట నున్నదో చెప్పునవి కావు. అవి పోయివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి ఉపగ్రహమునకును విమానమునకును గల దూరము మాత్రము తెలియును. మేకునకు కట్టిన ఆవు పలుపును చివరంట లాగి నిలిచినదనుకొనుడు. పలుపు పొడవు తెలిసినచో ఆవు ఏ వలయముపై నున్నదో చెప్పవచ్చును గాని, ఆ వలయమున ఏ తావున నున్నదో చెప్పుట కష్టము. శాస్త్రజ్ఞుల కష్టమును ఇట్టిదే. సంకేతముల కంపనసంఖ్యలోని తేడాలనుబట్టి విమానము దక్షిణమునకు పోయినదని మాత్రము వారు నిశ్చయింపగలిగిరి.

మొదటి దినములలో అండమాన్ సముద్రమునను బంగాళాఖాతమునను మన భారతనౌకాదళపు ఓడలును విమానములును గాలించెను. పిమ్మట అన్వేషణ ఆస్ట్రేలియాకు పడమరగా నున్న దక్షిణసముద్రమునకు మారెను. మార్చి 24వ తేదీన మలేషియా ప్రధానమంత్రి నజీబ్ రజాక్, విమానయానము దక్షిణ హిందూమహాసముద్రమున ముగిసెనని ప్రకటించెను. బంధువులలో పలువురకు ఆ వార్త సెల్‌ఫోనుకు వచ్చిన నాలుగు ముక్కల సందేశముగా అందెను. అప్పటికి విమానమునకు సంబంధించిన వస్తువు ఒక్కటియు దొరకలేదు. ఉపగ్రహచిత్రములలో సముద్రముపై తేలుచు కనబడిన చుక్కలను వెదకికొని ఓడలు పోగా, తెగిన వలలును చెత్తయు మాత్రమే దొరకుచుండెను. ఏప్రిల్ 28వ తేదీతో సముద్రోపరితలమును వెదకుట మానివేసిరి.

శవము లేదు, శకలము లేదు, లెక్క మాత్రము కలదు. అట్టి స్థితిలో, నీ బిడ్డ మరణించెను, నమ్ముమనిన ఏ తల్లి నమ్మును? చైనాలోని బంధువులు నమ్మలేదు. విమానము ఎచ్చటనో దిగియున్నదనియు, తమవారు బంధింపబడియున్నారనియు వారిలో కొందరు తలచిరి. వారిని మూఢులని పరిహసించుట సులభము. కాని ఒకనాడు ఒక మాట, మరునాడు మరియొక మాట చెప్పిన అధికారుల తప్పిదమును మరచి బంధువులను మాత్రమే నిందించుట న్యాయము కాదని నా అభిప్రాయము.

ఇట్టి సమయమున రీయూనియన్ ద్వీపమున రెక్కతునుక దొరకెను.

మన ప్రాచీన తార్కికులు సంశయమునకు గొప్ప స్థానమిచ్చిరి. గౌతముని న్యాయసూత్రములలో చెప్పబడిన పదునారు పదార్థములలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. సంశయమునకు వారు చూపు ఉదాహరణము మీలో కొందరు వినియుందురు. మునిమాపువేళ దూరమున నిలువుగా ఏదో కనబడును. అది మోడా, మనుష్యుడా? రెంటికిని సమానమైన ఎత్తు మనకు కనబడినది. ఒకదానికి మాత్రమే చెందిన గుర్తు, అనగా చేతులుగాని తొఱ్ఱగాని, కనబడువరకు సంశయము తీరదు. రీయూనియన్ ద్వీపమున దొరకిన తునుకను పరీక్షించినవారు చేసినదియు ఇదియే. ఈ విమానమునకు మాత్రమే చెందిన గుర్తుకొరకు వారు వెదకిరి.

అది ఫ్లాపెరాన్ అనబడు భాగమని మొదటనే తెలిసిపోయెను. విమానపు రెక్క వెనుకయంచున అమర్చిన పలక అది. విమానము ప్రక్కకు ఒరగుటకును, మెల్లగా పోవునపుడు పైకి తేలుటకును తోడ్పడును. ఈ తునుక ఆకారమునుబట్టి అది బోయింగ్ 777 విమానపు కుడిరెక్కలోనిదని నిపుణులు గుర్తించిరి. ఆ సముద్రమున మరియొక 777 విమానము కూలిన జాడ లేదు. కావున ఇది తప్పక ఆ విమానముదేయని పలువురు తలచిరి. అయినను ఇది మోడు ఎత్తు, మనుష్యుని ఎత్తు సమానమగుటవంటిదే. సంభవము కలదు, నిర్ణయము లేదు. పైగా ఆ భాగముపై నుండవలసిన గుర్తింపుపలక ఊడిపోయియుండెను.

విమానములో నలుగురు ఫ్రెంచివారుండుటచేతను, ద్వీపము ఫ్రాన్సుదగుటచేతను, విచారణభారము ఫ్రెంచి న్యాయస్థానము వహించెను. తునుకను తూలూజ్ నగరమునొద్దనున్న సైనిక పరిశోధనాలయమునకు చేర్చిరి. ఆగష్టు మొదటివారమున రెండు ప్రకటనలు ఇంచుమించు ఒకే గడియలలో వెలువడెను. కౌలాలంపూరులో ప్రధానమంత్రి, ఇది ఆ విమానముదేయని నిశ్చయముగా చెప్పెను. పారిస్ నగరమున ఫ్రెంచి న్యాయాధికారి, అట్లని బలముగా భావించుటకు ఆధారములున్నవని మాత్రమే చెప్పి ఊరకుండెను. ఈ రెండు మాటల నడుమ నున్న అంతరము చిన్నదిగా తోచవచ్చును. బంధువులకు అది అగాధముగా నుండెను. ఒకరు నిశ్చయమనగా మరియొకరు అట్లనకపోవుటకు కారణమేమని వారడిగిరి. ఆ దినములలోనే మలేషియా మంత్రి ఒకరు కిటికీలును కుర్చీమెత్తలును కూడ దొరకినవని చెప్పగా, తమకట్టివి తెలియవని ఫ్రెంచివారు పలికిరి. ద్వీపమున విమానపు తలుపని తలచిన లోహపు వస్తువొకటి ఇంటిలో వాడుకొను నిచ్చెనయని తేలెను. సందేహము పెరుగక ఏమి చేయును?

అప్పుడు పరిశోధకులు సన్నని గొట్టమువంటి దర్శినిని తునుక లోపలికి జొనిపి చూచిరి. లోపల మూడు సంఖ్యలు కనబడెను. వానిని వెంటబెట్టుకొని, ఆ భాగమును నిర్మించుటలో పాల్గొన్న స్పెయిన్ దేశపు కర్మాగారమునకు పోయిరి. అచ్చటి పుస్తకములతో సరిచూడగా, వానిలో ఒక సంఖ్య ఎం.హెచ్. 370 విమానపు ఫ్లాపెరాన్‌కు వేసినదేయని స్థిరపడెను. సెప్టెంబరు 3వ తేదీన ఫ్రెంచి న్యాయాధికారి నిశ్చయమను మాటను మొదటిసారి వాడెను. రజకుడు నల్లజీడి రసముతో బట్టమూలను పెట్టిన గుర్తు బట్ట చివికినను పోదు. వీధిలోని వందయిండ్ల బట్టలలో అది ఎవరిదో ఆ గుర్తే చెప్పును. ఈ సంఖ్యయు అట్టిదే.

ఇంతలో సముద్రము మరికొన్ని తునుకలను వెలికి నెట్టెను. 2015 డిసెంబరులో మొజాంబిక్ తీరమున సెలవులు గడపుచున్న దక్షిణాఫ్రికా యువకుడొకడు ఇసుకలో ఒక పలకను చూచి ఇంటికి కొనిపోయెను. ఇంటివారు అది వట్టి చెత్తయనిరి. అది మూలబడి మూడుమాసములు అట్లే యుండెను. 2016 ఫిబ్రవరి చివర బ్లెయిన్ గిబ్సన్ అను అమెరికా న్యాయవాది అదే దేశపు తీరమునొద్ద ఒక ఇసుకతిన్నెపై, 'నో స్టెప్', అనగా ఇచ్చట కాలు మోపరాదు అను అక్షరములున్న తునుకను కనుగొనెను. ఆ వార్త విని యువకునికి తన పలక జ్ఞప్తికి వచ్చెను. దానిపై 676 అను అంకెయు రెండు ఆంగ్లాక్షరములును ముద్రింపబడియుండెను.

ఇచ్చట ఒక చక్కని సందేహము పుట్టెను. 676 అను ముద్రలోని అక్షరముల తీరును రంగును బోయింగ్ వారు కర్మాగారమున వేయునట్లు లేవు. ఎవరో దొంగముద్ర వేసి సముద్రమున పడవేసిరా? ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ ప్రశ్నను త్రోసివేయలేదు. మలేషియా ఎయిర్‌లైన్స్ వారు తమ విమానములకు మరల రంగు వేయించునపుడు తమ సొంత అచ్చులతో అక్షరములు ముద్రించుకొందురని విచారణలో తెలిసెను. పలకపైని ముద్ర ఆ అచ్చులకు సరిపోయెను. బోయింగ్ వారి అక్షరములే యుండినచో ఆ పలక ఏ దేశపు విమానముదైనను కావచ్చును. భిన్నముగా నుండుటయే దానిని మలేషియా విమానమునకు దగ్గర చేసినది. సందేహమును అణచివేయక వెంబడించినచో అది ఒక్కొక్కప్పుడు సాక్ష్యమై మన చేతికే వచ్చును.

2016 మే మాసమున మారిషస్ ద్వీపమున ఎడమరెక్క వెనుకయంచులోని ముక్క దొరకెను. ఈ మారిషస్ మన తెలుగువారికి క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి చెరకుతోటల పనికి పోయినవారి సంతతి నేటికిని అచ్చట ఉగాది పండుగ చేసికొనుచున్నది. జూన్ మాసమున టాంజానియా దేశపు పెంబా ద్వీపమున కుడిరెక్క పలకలోని పెద్దభాగము దొరకెను. దానిని చేసినవారు ఇటలీ దేశస్థులు. దానిపై 2002 జనవరి 23 అను తేదీముద్ర ఉండెను. కనబడకుండ పోయిన విమానము 2002 మే మాసాంతమున సంస్థవారికి అందింపబడినది. అనగా రెక్క జనవరిలో చేయబడి, విమానము మేలో పూర్తియైనది. తేదీ కుదిరినది. ఇంకను ముఖ్యమైనది, ఇటలీ కర్మాగారపు పుస్తకములలో ఆ భాగము బోయింగ్ వారి వరుసలో 404వ 777 విమానమునకు పంపబడినట్లు వ్రాయబడియుండెను. ఎం.హెచ్. 370గా ఎగిరినది ఆ 404వ విమానమే. మారిషస్ ముక్కలోని సంఖ్యయు ఆ 404నే చూపెను.

పెంబా తునుక మరియొక సంగతిని కూడ తెలిపెను. విమానము క్రిందికి దిగునపుడు రెక్కపలకలను వెలుపలికి చాపుదురు. ఈ పలక విరిగినపుడు చాపబడియుండలేదని, లోపలికి ముడుచుకొనియే యుండినట్లున్నదని 2016 నవంబరులో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చిరి. చోదకుడు నీటిపై మెల్లగా దించియుండెనన్న ఊహకు ఇది ఎదురుగా నిలిచెను.

ఇక దూరమునుగూర్చిన సందేహము. ఆస్ట్రేలియావైపు మునిగిన విమానపు తునుకలు వేలకొలది కిలోమీటర్ల దూరమున ఆఫ్రికావైపు ఎట్లు తేలెను? ఆస్ట్రేలియా తీరమున ఒక్కటియైన ఏల దొరకలేదు? భూగోళపటమును ముందిడుకొనుడు. దక్షిణ హిందూమహాసముద్రమున జలము పెద్ద సుడివలె తిరుగుచున్నది. ఆస్ట్రేలియా ప్రక్క అది ఉత్తరమునకు సాగి, భూమధ్యరేఖకు దక్షిణముగా పడమరకు మళ్లి, మడగాస్కరు మీదికి పోవును. ఈ ప్రవాహములను తెలిసికొనుటకై శాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లుగా తేలుపరికరములను సముద్రమున వదలుచున్నారు. వాని నడకను చూచినవారికి ఆఫ్రికా తీరము ఆశ్చర్యము కలిగింపలేదు. కాని జూలై 2015 నాటికే ఫ్లాపెరాన్ రీయూనియన్ చేరుట లెక్కకు సరిగా పొసగలేదు. వారు మొదట చేసిన మాదిరిపలకలు అంత వేగముగా పోలేదు. అప్పుడు ఆస్ట్రేలియా ప్రభుత్వపు పరిశోధనసంస్థకు చెందిన డేవిడ్ గ్రిఫిన్ మొదలగువారు నిజమైన 777 ఫ్లాపెరాన్‌ను తెప్పించి, దొరకినదానివలెనే దాని అంచులు కోసి సముద్రమున విడిచిరి. అది గాలిదిక్కునకు 20 డిగ్రీలు ఎడమగా, మాదిరులకంటె వడిగా సాగెను. లెక్క కుదిరెను. ఈ సంగతి 2017లో ప్రకటింపబడెను. విమానము మరింత దక్షిణమున పడినచో తునుకలు ఆస్ట్రేలియాకు కొట్టుకొనిపోవలసియుండెననియు, పోలేదు కావున 35వ దక్షిణాక్షాంశమునకు చేరువగా పడియుండుననియు వారు ఊహించిరి. లేని సాక్ష్యము కూడ ఇట్లు సాక్ష్యమగును.

కొందరి ఆక్షేపణ మరియొకటి. కొన్ని తునుకలపై గుల్లజీవులు ఏల లేవు? దక్షిణాఫ్రికాలోని మోసెల్ బే వద్ద 2016 మార్చిలో దొరకిన యంత్రపుకప్పు ముక్క నున్నగా నుండెను. ఎవరో తెచ్చి పెట్టిరనిరి. తరువాత, అదే ముక్కను 2015 డిసెంబరులోనే ఆ తీరమున ఒకరు తీసిన ఛాయాచిత్రము బయటపడెను. అందు అది గుల్లలతో నిండియున్నది. మూడు మాసముల ఎండయు ఇసుకయు అలలును దానిని తోమివేసెను.

ఇన్ని సాక్ష్యములు చూపినను, తునుకలన్నియు ఎవరో పథకము ప్రకారము తీరములలో పెట్టినవేయను వారు కలరు. గిబ్సన్ ఒక్కడే అన్ని తునుకలు కనుగొనుట వారికి విడ్డూరముగా తోచెను. ఆయన కొన్నింటిని కనుగొనినమాట నిజమే. వెదకనివానికంటె వెదకువానికి ఎక్కువ దొరకుట లోకసహజము. నిర్ధారితమైన మూడు తునుకలను మాత్రము మూడు దేశములకు చెందిన ద్వీపములలో వేరువేరు మనుష్యులు కనుగొనిరి. ఏ ఆధారము చూపిన తమ సందేహము తీరునో ఈ వాదము చేయువారు చెప్పరు. తనదంటూ ఒక పక్షము నిలుపక ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్న వాదమునకు గౌతముడు వితండయని పేరు పెట్టెను. బంధువుల సందేహము ఇట్టిది కాదు. వారు సంఖ్య చూపుడనిరి, తునుకను చూడనిండనిరి, పరీక్షఫలితములు బయటపెట్టుడనిరి. అడిగినవన్నియు తీర్పదగినవే.

2018 జూలైలో వెలువడిన మలేషియావారి నివేదిక 27 తునుకలను పేర్కొనెను. వానిలో నిశ్చయముగా ఆ విమానమువని చెప్పబడినవి మూడే. ఏడింటిని దాదాపు నిశ్చయమనిరి. తక్కినవానిలో కొన్నిటిని మిక్కిలి సంభవమనిరి. తెలిసినంతనే చెప్పి, తెలియనిదానిని తెలియనట్లే వ్రాసిన ఈ మెట్లు నాకు నచ్చినవి. మొదటి వారమున ఇట్లే మాటలాడియుండినచో ఎన్నో కన్నీళ్లు తగ్గియుండెడివి.

తీరని సందేహములు లేకపోలేదు. ఫ్రెంచివారు ఫ్లాపెరాన్‌ను నీటితొట్టిలో తేల్చి చూడగా దానిలో కొంతభాగము నీటికి పైగానే నిలిచెను. కాని నీరు లేనిదే బ్రతుకని గుల్లజీవులు ఆ భాగమునను పెరిగియుండెను. అలలకు తునుక మాటిమాటికి తిరగబడుచుండెనా? ఆ గుల్లల వయస్సు విషయమునను నిపుణులు ఏకీభవింపలేదు. చెట్టుమానులో ఏటేటి వలయములు నిలిచినట్లు, గుల్ల పెంకులో అది పెరిగిన నీటి వేడిమి గుర్తు నిలుచును. దానిని చదివి తునుక నడచిన త్రోవ తెలిసికొనుటకు 2023లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక పద్ధతిని ప్రకటించిరి. అయితే వారికి చిక్కినవి చిన్నగుల్లలు. మొదటినుండి ప్రయాణము చేసిన పెద్దగుల్లలు వారి చేతికి రాలేదు.

విమానపు మొండెము మాత్రము దొరకలేదు. 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భమును వెదకి 2017 జనవరిలో ఆపివేసిరి. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అను సంస్థ మరి యింత వెదకెను. దొరకినచో కూలి, లేనిచో లేదను ఒడంబడికపై 2025లో ఆ సంస్థకు మరల అనుమతి లభించెను.

2016 డిసెంబరులో ప్రయాణికుల బంధువులు కొందరు తామే మడగాస్కరు తీరమునకు పోయి ఇసుకలో వెదకిరి. పల్లెవారిని కలిసికొని, ఇట్టివి దొరకినచో పారవేయవలదని వేడుకొనిరి. మరుసటి సంవత్సరము ఒక తుపాను తరువాత ఆ ద్వీపపు మత్స్యకారుడొకడు తీరమున ఒక పలకను చూచి ఇంటికి తెచ్చుకొనెను. అతని భార్య ఐదేండ్లు దానిపై బట్టలుదికెను. అది విమానచక్రముల తలుపులోనిదని 2022 డిసెంబరులో గిబ్సన్‌తో కలిసి మరియొక అన్వేషకుడు ప్రకటింపగా, కాదని ఇతరులు వాదించిరి.